సున్నాగారి ఖాళీ పరీక్షలు

మా సున్నాగారికి ఉన్న జబ్బు ఒక్కటే. చేతికి ఏది దొరికినా సరే, అందులో ఏమీ లేకపోతే ఏమవుతుందో చూసి తీరాలి. నిండుగా ఉన్నప్పుడు అది ఎలా పనిచేస్తుందన్న దానిమీద ఆయనకు బొత్తిగా ఆసక్తి లేదు. "నిండుగా ఉంటే అన్నీ బుద్ధిగానే ఉంటాయమ్మాయ్. ఖాళీ అయినప్పుడు చూడాలి వాటి వేషాలు," అనేవారు. ఆయన అసలు పేరేమిటో జీతాల విభాగానికి తప్ప ఆఫీసులో ఎవరికీ తెలియదు.

మా ఆఫీసు ఏడో అంతస్తులో. నేను ఉద్యోగంలో చేరిన రోజు లిఫ్టు ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉన్నాను. లిఫ్టు వచ్చింది, తలుపు తెరుచుకుంది, లోపల ఎవరూ లేరు. మూసుకుపోయింది. రెండు నిమిషాల తర్వాత మెట్లమీద నుంచి ఒక బట్టతల, దాని కింద కళ్ళద్దాలు, వాటి కింద రొప్పుతున్న మనిషి బయటికొచ్చారు.

"లిఫ్టు వచ్చిందా అమ్మాయ్?"

"వచ్చింది సార్."

"ఎవరూ లేకపోయినా తలుపు తీసిందా?"

"తీసింది సార్."

"మంచి లిఫ్టు," అని మెచ్చుకుని, చెమట తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు. కింద ఏడో నెంబరు నొక్కి, దాన్ని ఖాళీగా పంపించి, తాను మెట్లెక్కి వచ్చారన్నమాట. వారానికోసారి ఈ పరీక్ష జరుగుతుందని తర్వాత తెలిసింది. ఎక్కి రావచ్చు కదా సార్ అని ఎవరైనా అంటే, "నేనెక్కితే ఇంకెక్కడి ఖాళీ?" అని జాలిగా చూసేవారు.

ఇంట్లోనూ ఇదే వరస. ఒకసారి సరుకుల కొట్టుకి వెళ్ళి, సంచీ బల్లమీద పెట్టి, "ఏమీ వద్దు. బిల్లు కొట్టు," అన్నారట. కొట్టతను ఎగాదిగా చూసి, "ఇంట్లో అందరూ బాగున్నారా బాబుగారూ?" అని పరామర్శించాడట. ఈయన వదిలితేనా! చివరికి ప్రాణం విసిగి మీట నొక్కితే, సున్నా సరుకులకు సున్నా బిల్లు, కింద 'మళ్ళీ రండి' అని వచ్చింది. ఆ కాగితాన్ని సున్నాగారు పర్సులో పెట్టుకుని, మనవడి ఫోటోలాగా కనబడ్డవాళ్ళందరికీ చూపించేవారు.

మధ్యాహ్నం ఇంటికి ఫోన్ చేసి ఒక్క మాటా మాట్లాడకుండా కూర్చోవడం ఇంకో పరీక్ష. అవతల వాళ్ళావిడ గొంతు మా అందరికీ వినపడేది.

"హలో... హలో... ఆఁ, తెలిసిందిలెండి, మీరేగా! వచ్చేటప్పుడు పాలు తెండి. ఖాళీ సీసా కాదు, పాలు!"

ఇలాంటి మనిషికి దేవుడు సరిగ్గా సరిపోయే ఉద్యోగమే ఇచ్చాడు. మాది ప్రోగ్రామింగ్ భాష తయారుచేసే కంపెనీ. ఆ భాషలో ఊళ్ళోవాళ్ళు ప్రోగ్రాములు రాసుకుంటారు. వాళ్ళ చేతికి వెళ్ళేముందు మేము రాసినదాంట్లో తప్పులు వెతికి పట్టుకోవడం సున్నాగారి పని.

నాకు అప్పజెప్పింది లిస్ట్ కాంప్రెహెన్షన్ అనే భాగం. పేరు విని భయపడక్కర్లేదు. ఒక బుట్టనిండా కాయలున్నాయనుకోండి. 'పండినవి ఏరి, కడిగి, కొత్త బుట్టలో పెట్టు' అని ఒక్క ముక్కలో చెబితే కంప్యూటరు చేసి పెట్టాలి. అంతే. ఆ ఒక్క ముక్కను దానికి అర్థమయ్యేలా చెయ్యడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

పైగా అందులో కాస్త తెలివితేటలు ప్రదర్శించాను. కొత్త బుట్ట ముందే అల్లి పెట్టుకోవడం దండగ కదా, మొదటి కాయ చేతికొచ్చాక దాని సైజు చూసి అల్లుకుందాం అనుకున్నాను. పనిలో వేగం పెరిగింది. పది కాయలతో చూశాను, లక్ష కాయలతో చూశాను, ఒక్కటీ పండని బుట్టతో కూడా చూశాను. అన్నీ బ్రహ్మాండం. గర్వంగా వెళ్ళి సున్నాగారికి అప్పగించాను.

"ఖాళీ బుట్ట ఇస్తే?" అన్నారు, తలెత్తకుండా.

"ఖాళీ బుట్టే వస్తుంది సార్. చూశాను."

"ఏ ఖాళీ చూశావు?"

"ఖాళీలో ఏ ఖాళీ ఏమిటి సార్?"

పెన్ను కింద పెట్టారు. అప్పుడే పుట్టిన ఖాళీ, నిండి ఖాళీ అయిన ఖాళీ, ఖాళీ లోపల ఖాళీ, ఇలా ఏడు రకాలు వరసగా చెప్పుకొచ్చారు. ఆ తర్వాత మూడు రోజులు తిండి ధ్యాస కూడా లేకుండా, నా కోడ్ నోట్లో ఒక్కొక్క శూన్యాన్నీ పోస్తూ కూర్చున్నారు. నేను లోలోపల పళ్ళు నూరుకున్నాను.

నా బాధ నాది మరి. నా ఆరు నెలల ప్రొబేషన్ ఆ శుక్రవారంతో అయిపోతుంది. కొత్తగా వచ్చిన మేనేజరు గారు ఒక రూలు పెట్టారు. బగ్ రిపోర్టుల్లో, అంటే దొరికిన తప్పుల చిట్టాల్లో, 'ఎవరి పొరపాటు' అన్న చోట మూడుసార్లు పేరు పడ్డవాళ్ళను పర్మనెంట్ చెయ్యరు. అంతకుముందే నా కోడ్‌లో రెండు బగ్గులు పట్టుకున్నారు సున్నాగారు. ఇంకొక్కటి దొరికిందంటే నేను మూట సర్దుకోవడమే.

గురువారం పొద్దున పిలిచారు. "ముందు మూడు కాయల బుట్ట ఇచ్చాను. మూడూ వచ్చాయి. వెంటనే ఖాళీ బుట్ట ఇచ్చాను. చూడు."

చూశాను. ఖాళీ బుట్టకు జవాబుగా పాత మూడు కాయలే నిక్షేపంగా కూర్చుని ఉన్నాయి. విషయం వెంటనే అర్థమైంది. మొదటి కాయ వస్తేగానీ కొత్త బుట్ట అల్లనన్నాను కదా. కాయే రాకపోయేసరికి పాత బుట్టే చేతికొచ్చింది. నా తెలివితేటలు నా కొంపే ముంచాయి. సరిచెయ్యడానికి అరగంట కూడా పట్టలేదు. కానీ రిపోర్టు రాసేసి ఉంటారుగా!

శుక్రవారం మీటింగు. మేనేజరు గారికి తెర మీద లెక్కలు చూపించడమంటే మహా సరదా. మా భాషలోనే, నేను రాసిన లిస్ట్ కాంప్రెహెన్షన్‌తోనే, ఒక్క ముక్క టైపు చేశారు. ఈ ఆరు నెలల రిపోర్టుల్లో 'ఎవరి పొరపాటు' గడిలో ఉన్న పేర్లన్నీ ఏరి జాబితా చెయ్యమని. నా ఉరితాడు నేనే పేనుకున్నట్టయింది. కళ్ళు మూసుకున్నాను.

"ఇదేమిటి, ఏమీ రాలేదు?" అన్నారు మేనేజరు గారు. కళ్ళు తెరిచాను. తెర మీద రెండు బ్రాకెట్లు, మధ్యలో ఏమీ లేదు.

"ఖాళీ సంగతి సరిచేశామన్నారుగా! ఇంకా తప్పు ఉన్నట్టుందే?"

"లేదండీ," అన్నారు సున్నాగారు వెనక వరసలోంచి. "ఖాళీ చాలా చక్కగా వస్తోంది."

మేనేజరు గారు రిపోర్టులు ఒక్కొక్కటే తెరిచారు. బగ్ ఏమిటి, ఎలా వచ్చింది, ఎలా సరిచెయ్యాలి, అన్నీ పూసగుచ్చినట్టు ఉన్నాయి. 'ఎవరి పొరపాటు' గడి మాత్రం ఖాళీ. కిందటేడు తెరిచారు, ఖాళీ. అలా పదకొండేళ్ళు వెనక్కి వెళ్ళారు. ఒక్క పేరూ లేదు.

"ఏమండీ ఇది?"

"పరీక్షండీ. ఆ గడి ఖాళీగా వదిలేస్తే ఫారం ఏం చేస్తుందో చూద్దామని."

"పదకొండేళ్ళా!"

"ఇంతవరకు ఏమీ చెయ్యలేదండీ. కానీ రేపు చెయ్యదని నమ్మకమేముంది?"

గదిలో ఎవరో ఫక్కున నవ్వి దగ్గుగా మార్చుకున్నారు. మేనేజరు గారు మాత్రం నవ్వలేదు. "సరే, ఇప్పుడు చెప్పండి. నేనే నింపుకుంటాను. నిన్నటి బగ్ ఎవరిది?"

సున్నాగారు కళ్ళద్దాలు తీసి తుడిచారు. "నాకు బగ్గులు గుర్తుంటాయండీ. మనుషులు బొత్తిగా గుర్తుండరు. వయసు చూడండి."

నాకిక కూర్చోబుద్ధి కాలేదు. లేచి, "అది నాది సార్," అనేశాను. సున్నాగారు నుదురు కొట్టుకోవడం ఓరకంట కనబడింది. మేనేజరు గారు నన్ను చూశారు, తెరను చూశారు, పెన్ను తీసి ఫైల్లో ఏదో రాసుకున్నారు.

"ఒకటి," అన్నారు. "రూలు ప్రకారం మూడుండాలి. కూర్చోమ్మా. సాయంత్రం వచ్చి నీ పర్మనెంట్ ఆర్డరు తీసుకెళ్ళు."

మీటింగు అయ్యాక మంచినీళ్ళ మిషను దగ్గర సున్నాగారిని పట్టుకున్నాను. ఆయన్ని చూస్తే గుండె నిండిపోయింది. కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది కానీ, చేతిలో గ్లాసు ఉంది.

"సార్, మిగతా రెండూ కూడా నావే కదా?"

అటూ ఇటూ చూశారు. "నాలుగొందల పన్నెండో బగ్గు, నాలుగొందల ముప్పయ్యో బగ్గు. రెండూ నీవే. మొదటిది పట్టుకున్న రోజు ఆకుపచ్చ గొడుగు ఇక్కడే మర్చిపోయి తడుచుకుంటూ ఇంటికి వెళ్ళావు." గ్లాసు అందుకుని, గొంతు తగ్గించారు. "ఎవరితోనూ అనకు."

"గడి ఎందుకు ఖాళీగా వదిలారనా సార్?"

"అది కాదే పిచ్చిదానా. నాకు మనుషులు గుర్తుంటారని."