ఆమోసు ముందే చెక్కిన మాటలు

మనిషి కనపడితే చాలు, వాడి సమాధి రాయి మీద ఏ మాట చెక్కాలా అని ఆలోచించేవాడు మా పామర్రు ఆమోసు. రాయి చెక్కేవాళ్లెవరైనా పేరూ తేదీలూ చెక్కి ఊరుకుంటారు. ఆమోసు వాటి కింద ఇంకో మాట పెట్టేవాడు. బతికినన్నాళ్లూ ఆ మనిషి తన గురించి తాను ఏమనుకున్నాడో చెప్పే మాట. రోషం. ధీమా. బింకం. టెక్కు.

నేను మిషన్ స్కూల్లో తెలుగు మాస్టార్ని. అందుకని సందేహాలన్నీ నా దగ్గరికే తెచ్చేవాడు.

"డాబుకీ దర్పానికీ తేడా ఏమిటండి మాస్టారూ?"

"లేనిది చూపిస్తే డాబు. ఉన్నది చూపిస్తే దర్పం."

"అయితే మరియదాసుగారిది డాబేనండి," అని తల ఊపి వెళ్లిపోయాడు. చర్చి సంఘపెద్ద మరియదాసు అప్పటికి నిక్షేపంగా సైకిలు తొక్కుతున్నాడు.

ఊరికి గుబులు అక్కడే. ఆమోసు మాట ముందు చెక్కి, పేరు కోసం ఆగేవాడు. కాలవ గట్టున అతని పెరట్లో పేర్లు లేని నాపరాళ్లు వరసగా నిలబడి ఉండేవి. డిసెంబరు పొద్దుల్లో పొలాల మీంచి మంచు దిగితే రాళ్లు కనపడేవి కావు. సుద్ద పూసిన అక్షరాలు మాత్రం తెల్లగా గాలిలో తేలుతున్నట్టుండేవి. బస్సుకి అది దగ్గర దారి అయినా జనం చుట్టూ తిరిగి వెళ్లేవాళ్లు. తప్పక అటు వెళ్లినవాళ్లు 'పొగరు' అన్న రాయి ముందు ఆగి, అది పక్కింటివాళ్లదని నిశ్చయించుకుని, కాస్త తేలికపడి కదిలేవాళ్లు.

ఎవరైనా మంచం పట్టారంటే పిలవకుండానే వచ్చేవాడు. చెప్పుల చప్పుడుండదు. తలెత్తి చూస్తే గుమ్మంలో ఉండేవాడు, మోచేతుల దాకా తెల్లటి రాతిపొడితో. రోగి దగ్గర కూర్చుని, చెవిలో ఏదో చెప్పి వెళ్లిపోయేవాడు. ఏం చెప్పాడో లేచి తిరిగినవాళ్లు కూడా బయటపెట్టేవాళ్లు కాదు.

డెబ్బై నాలుగులో నాకు టైఫాయిడ్ వచ్చింది. మూడో వారానికి పుల్లలా అయిపోయాను. బెజవాడ నుంచి తెప్పించిన మందులు బల్ల మీదే ఉన్నాయి. మింగే ఓపికా లేదు, మింగాలన్న కోరికా లేదు. మధ్యాహ్నం ఇల్లంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఎక్కడో ఉలి మోగేది.

"వినపడుతోందా?" అని మా ఆవిడ అమలమ్మని అడిగేవాణ్ణి.

"ఏమీ లేదండి," అనేది కిటికీ మూస్తూ.

ఏమీ లేనప్పుడు కిటికీ ఎందుకు మూస్తోందో అర్థమయ్యేది కాదు.

ఒక మధ్యాహ్నం కళ్లు తెరిస్తే ఆమోసు మంచం పక్కన ఉన్నాడు. నా కాళ్ల వైపు గోడకి ఒక రాయి ఆనించి ఉంది. అమలమ్మ గుమ్మంలో కొయ్యబారిపోయి నిలబడింది.

"మీ మాట దొరికిందండి మాస్టారూ," అన్నాడు మెల్లగా.

ఆ రాతి చల్లదనం నా అరికాళ్లకి తగిలినట్టనిపించింది. దాని మీద సుద్దతో రాసి ఉంది. కళ్లు చికిలించి చదివాను. ఆత్మాబిమానం.

ఇంకోసారి చదివాను.

"ఆమోసూ, భకి ఒత్తేదీ?"

"ఎక్కడండి?"

"ఆత్మాభిమానంలో. ఒత్తు ఉండాలి."

"లేకపోయినా అర్థమవుతుంది కదండి. రేపు చెక్కేస్తాను."

"నా రాయి మీదా? తప్పుతోనా? నా దగ్గర చదువుకున్నవాళ్లు చూస్తారయ్యా."

"మీరు చూడరు కదండి."

లేచి కూర్చున్నాను. మూడు వారాల్లో అదే మొదటిసారి. సుద్దముక్క లాక్కుని ఒత్తు పెట్టబోయాను. గీత వంకరపోయింది.

"ఇది చెక్కడానికి పనికిరాదండి," అంటూ ఆమోసు రాయి భుజానికెత్తుకున్నాడు. "శనివారం దాకా ఆగుతాను. మీరే వచ్చి దిద్దండి."

అతను వీధి దాటకముందే అమలమ్మని గంజి అడిగాను. మందు కూడా.

శనివారం కర్ర పట్టుకుని వెళ్లాను. పెరట్లో దానమ్మ కూర్చుని ఉంది. ఆవిడ నాట్ల ముఠా మేస్త్రి. ఆ ఎండాకాలంలోనే చావు దాకా వెళ్లి వచ్చింది.

"మీకేం రాశాడండి?" అంది నన్ను చూసి.

చెప్పాను.

"నాకు 'అణకువ' అని రాస్తానన్నాడండి. ముప్పై మందిని ఒక్క కేకతో నడిపేదాన్ని, నాకు అణకువేమిటి? తిట్టడానికే లేచాను. లేచాక మళ్లీ పడుకోబుద్ధి కాలేదు."

నేను రాళ్లన్నీ తిరిగి చూశాను. ఎక్కడా ఒక్క అక్షరం తప్పు లేదు. 'స్వాభిమానం' అని ఒకటుంది, అందులో భ ఒత్తుతో సహా నిండుగా ఉంది. ఆమోసు తలెత్తకుండా ఉలి పదును పెట్టుకుంటున్నాడు.

"అందరూ లేచారా ఆమోసూ?"

"లేదండి. కొందరికి కోపం సరిపోదు. వాళ్లకి అసలు మాటే చెక్కుతానండి. ఎన్ని రోజులు పట్టినా సరే."

తర్వాత గొంతు తగ్గించాడు. "తెరేసమ్మగారు మంచం పట్టారండి. ఏం రాద్దామంటారు?"

గుళ్లో పాట ఎత్తుకునేది తెరేసమ్మే. ఆవిడ అందుకుంటే మిగతా సంఘమంతా నోరు కదుపుతున్నట్టే ఉంటుంది, వినపడదు. ఇరవై ఏళ్లుగా పిల్లలకి సరైన మాట నేర్పినవాణ్ణి, ఆ రాళ్ల మధ్య కూర్చుని సరికాని మాట కోసం శ్రద్ధగా వెతికాను.

"బెరుకు," అన్నాను చివరికి.

ఆమోసు ఉలి ఆపాడు. "మరీ ఎక్కువేమోనండి. పాటల పుస్తకం తీసి మొహాన కొడతారు."

"కొట్టే ఓపిక వస్తే ఇంకేం కావాలి," అన్నాను కర్ర అందుకుంటూ. "పద, నేనూ వస్తాను."