నాలుగో ఎత్తు గుర్రం

ఆ వీధిలో టైలరంటే ఎవరికీ తెలియదు, గుర్రం మాస్టరంటే చాలు. బట్టలు ఇవ్వడానికి వచ్చినవాడెవడైనా ముందు కత్తిరింపు బల్ల చివరన ఉన్న చదరంగం ముందు కూర్చుని ఒక ఆట ఆడాల్సిందే. నాలుగో ఎత్తులో మాస్టరు తన గుర్రాన్ని ఎదుటివాడి బంటు మీదికి దూకించి చావనిస్తాడు. ఆ తరువాత తన బంట్లతో అవతలి గుర్రాలు రెంటినీ తరుముకుంటూ పోతాడు. ఎదుటివాడు సర్దుకునేలోపు రాజు చిక్కిపోతాడు. ఇరవై రెండేళ్ళుగా ఇదే తంతు.

గుర్రాన్ని అలా పారేసుకోవడం పిచ్చితనమని చదరంగం పత్రికలో ఎవరో పెద్దమనిషి రాశాడు. మాస్టరుకు ఒళ్ళు మండింది. తను గెలిచిన ప్రతి ఆటనూ కొలతల పుస్తకంలో నడుము, పొడవుల పక్కనే ఎక్కించి ఉంచాడాయె. ఆ మూడు వేల పైచిలుకు ఆటలనూ పత్రికకు పంపి, తన ఎత్తు దిట్టమైనదేనని రుజువు చేసి, ఆ పెద్దమనిషి నోరు మూయించాలనుకున్నాడు. సగం వ్యాసం రాసేశాడు కూడా.

సరిగ్గా అప్పుడే ఒక నర్సు కోటుకు జిప్పు మార్పించుకోవడానికి వచ్చి ఆటకు కూర్చుంది. గుర్రాన్ని తీసుకుంది. మాస్టరు బంట్లు ఆమె గుర్రాన్ని అదిలించాయి. ఆమె దాన్ని కదపలేదు. పోతే పోనీ అన్నట్టు శకటును బయటికి తెచ్చింది. పదిహేను ఎత్తుల్లో మాస్టరు పని అయిపోయింది.

"రేపు రండమ్మా, వేసి ఉంచుతాను" అన్నాడు, బల్ల మీంచి తలెత్తకుండా.

ఆమె మర్నాడు వచ్చింది, మూడోనాడు వచ్చింది. నాలుగోసారి గుమ్మంలోనే నిలబడి, "ఒక్క జిప్పుకి వారమా" అని విసవిసా వెళ్ళిపోయింది.

"గాలివాటంగా ఒక్క ఆట గెలిచి ఎంత పొగరో చూడు" అన్నాడు మాస్టరు. మూల కూర్చుని కాజాలు కుడుతున్న బావమరిది సూది ఆపాడు.

"బావా, కోప్పడకు. నిన్ను ఓడించినవాళ్ళకి ఎప్పుడైనా చెప్పిన రోజుకి బట్టలిచ్చావా?"

"ఏం కూస్తున్నావు?"

"వీధంతా తెలుసు బావా. గెలిస్తే ప్యాంటు రాదు, ఓడితే సాయంత్రానికి ఇస్త్రీతో సహా వస్తుంది. కొత్తవాళ్ళకి బయటే చెప్పేస్తారు. ఆవిడకెవరూ చెప్పలేదనుకుంటా."

మాస్టరు కొక్కెం వైపు చూశాడు. నర్సు కోటు పాత జిప్పు సగం ఊడదీసి వదిలేసినట్టే వేలాడుతోంది. వీధి వీధంతా కలిసి తనను మునగచెట్టు ఎక్కించిందన్నమాట. "మీ దెబ్బకి తట్టుకోలేం మాస్టరూ" అంటూ పొట్లం చంకన పెట్టుకుపోయిన మొహాలన్నీ గుర్తొచ్చాయి. ఛీ, రెండు గజాల గుడ్డ కోసం ఇన్నేళ్ళు నటిస్తారా మనుషులు? ఆ మాట అనుకుంటూనే మళ్ళీ కోటు వైపు చూశాడు. ఈసారి తన చేతులు చూసుకుంటేనే కంపరం పుట్టింది.

అప్పటికప్పుడు జిప్పు వేసి, బావమరిది చేత కోటు ఆసుపత్రికి పంపించాడు. కానీ వ్యాసం చించడానికి మాత్రం మనసొప్పలేదు. అందరూ దొంగాటే ఆడి ఉంటారా? కొందరైనా నిజంగా ఓడి ఉండరా? అలాగైతే ఎత్తులో పస ఉన్నట్టే కదా.

మర్నాడు పోస్ట్‌మ్యాన్ వచ్చాడు. గుండీ ఊడినా ఇక్కడికే వస్తాడు, ఇప్పటికి అరవై ఆటలు ఓడినవాడు. మాస్టరు అతని ప్యాంటును ఆటకు ముందే బాగుచేసి, కాగితంలో చుట్టి తెచ్చి ఒళ్ళో పెట్టాడు.

"మీ పని అయిపోయింది. ఇప్పుడు ఆడండి."

నాలుగో ఎత్తులో గుర్రం దూకింది. పోస్ట్‌మ్యాన్ తీసుకున్నాడు. మాస్టరు ఒక బంటును తోశాడు, ఇంకోసారి తోశాడు. పోస్ట్‌మ్యాన్ ఒళ్ళోని పొట్లాన్ని ఒకసారి తడిమి చూసుకున్నాడు. ఆపైన క్షణమైనా ఆలోచించకుండా శకటును బయటికి తెచ్చాడు.