లమ్తపుట్ తోటలో చోళ్ళ చాట, మా గొడౌన్ మామిడి

రాయగడలో మా గొడౌన్ వెనక ఉన్న మామిడి చెట్టు నాలుగేళ్ళుగా కాయడం లేదు. దాన్ని కొట్టించి రేకుల షెడ్డు వేస్తానని అన్నయ్య సోమవారానికి రంపంవాణ్ణి రమ్మన్నాడు. నాన్న నాటిన చెట్టు, నాకు ప్రాణం ఒప్పలేదు. లమ్తపుట్ దగ్గర తోట పెంచే గౌరమ్మ పిన్నిని అడిగొస్తానని శనివారం పొద్దున్నే ఐదున్నరకి కోరాపుట్ బస్సెక్కేశాను. ఛార్జీ రెండు వందల లోపే. తొమ్మిదిన్నరకి దిగి, స్టాండులో వేడి వడలు తిని, లమ్తపుట్ జీపులో ముందు సీటు సంపాదించాను. ఘాటీ దారంతా చలిగాలి మొహాన కొడుతున్నా, కిటికీ మూయబుద్ధి కాలేదు.

నేను చేరేసరికి మిట్టమధ్యాహ్నం కావస్తోంది. పిన్ని చాటలో గుప్పెడు చోళ్ళు, అంటే రాగులు, పోసి ఒక్కో చెట్టు కిందా పెట్టి చూస్తోంది.

"ఏటి పిన్నీ ఇది?"

"సాటలో ఎండ సుక్కలు పడతన్నాయా నేదా అని సూస్తన్నానమ్మీ. సోళ్ళ ఎరుపు మీదైతే సుక్క తేటగా కనబడతాది. సాటంతా నీడైతే లోపలి కొమ్మలకి ఎండ నేనట్టే. అక్కడ పూత రాదు."

ఫోన్లో మా చెట్టు ఫోటో చూపించాను. కింద కొమ్మలేవని అడిగింది. లారీ వెనక్కి పెట్టడానికి అడ్డమని ఏటా కొట్టించేస్తామన్నాను. పిన్ని పకపకా నవ్వింది.

"కాసీవాటిని కొట్టీసి, నిలువు కొమ్మల్ని పెంచేరు. అవి పైన గొడుగేసీసినాయి. నడిమి కొమ్మ ఒక్కటీ తీయించు, ఎండ లోపలికి దిగుతాది."

అలా నడుమ తెరిచిన చెట్టు కింద చాట పెట్టి చూపించింది. చోళ్ళ మీద ఎండ చుక్కలే చుక్కలు. తలెత్తితే కొమ్మలన్నీ పక్కలకి పరుచుకుని, మధ్యలో ఆకాశం. ఇంతేనా అని గంతులేయాలనిపించింది.

అక్కడినుంచే అన్నయ్యకి ఫోన్ చేశాను. "కొమ్మ తీస్తే కాస్తాదని పిన్ని రాసిస్తాదేటి?" అన్నాడు. రాసివ్వదు. రెండేళ్ళు ఆగాలందని కూడా దాచకుండా చెప్పాను. అయినా ఒప్పుకున్నాడు. "సరే, సోమారం రంపమోడొస్తాడు. ఏ కొమ్మో నువ్వే నిలబడి సూపించు. లారీ ఈదిలోనే ఆపుకుంటాం."

ఇన్నాళ్ళూ చెట్టు మొండికేసిందని తిట్టుకున్నాం. ఎండ అందకుండా చేసింది మేమే. సిగ్గేసింది, సంతోషం అంతకంటే ఎక్కువ కలిగింది. మీరూ ఇలా తోట చూడ్డానికి వెళితే, ఎండ నడినెత్తిన ఉండే పదకొండుకీ ఒంటిగంటకీ మధ్య అక్కడుండేలా బయలుదేరండి. మీ చెట్టు మొదలు నుంచి చివరిదాకా కనబడే ఫోటోలు తీసుకెళ్ళండి, అదీ రంపంవాడికి కబురు పెట్టకముందే.