చేటలో తలకాయలు

నా దగ్గరున్న బొమ్మలకు మొహాలు ఊడి వస్తాయి. ఈ సంగతి ముందే చెప్పకపోతే తర్వాత జరిగిందేదీ అర్థం కాదు. జపాన్ వాళ్ల కామెడీ కార్టూన్లు ఉంటాయి కదా, అనిమే అంటారు, అందులోని పాత్రలకు చేసిన ప్లాస్టిక్ బొమ్మలవి. ఒక్కోటి అరచేతిలో ఇముడుతుంది. ఒళ్లు బొటనవేలంత, తల మాత్రం జామకాయంత. ముందు జుట్టు తీసి, మొహం లాగేసి, దాని చోట ఇంకో మొహం పెట్టుకోవచ్చు. నవ్వు మొహం, ఏడుపు మొహం, అలిగిన మొహం, నిద్ర మొహం, అన్నీ విడివిడిగా వస్తాయి. చేతులు కూడా అంతే.

ముప్పై దాటిన ఆడది బొమ్మలు కొనుక్కుని గాజు బీరువాలో పెట్టుకోవడమేమిటని అంబర్‌పేట్‌లో మా వదిన ముక్కున వేలేసుకుంది. "చీరలు కొనుక్కుంటే ఏమనరు గానీ బొమ్మలు కొంటే తప్పొచ్చిందా మీకు?" అన్నాను. నాకు కోపం తొందరగా వస్తుంది. భయం అంతకంటే తొందరగా వస్తుంది. గేటు దగ్గర ఎవరైనా గట్టిగా మాట్లాడితే చాలు, నన్నే తిడుతున్నారేమోనని గుండె దడదడలాడుతుంది.

గ్రూప్స్ రాద్దామని అశోక్‌నగర్‌కు వచ్చినదాన్ని. ఉద్యోగం రాలేదు. చివరికి చదువుకున్న కోచింగ్ సెంటర్‌లోనే మెటీరియల్ టైప్ చేసే పనిలో కుదురుకున్నాను. చిక్కడపల్లిలో ఒక సందులో పైవాటా కిరాయికి తీసుకుని ఒంటరిగా ఉంటున్నాను. పైన డాబా. మధ్య అంతస్తులో ఇంటి ఓనర్ ఆంటీ. ఆమె తల్లిదండ్రులు ఎప్పుడో గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఆమె సర్కారు ఆఫీసులో పనిచేసి రిటైరయింది. కింద పార్కింగ్ పక్కనున్న ఒంటిగదిలో పాలమూరు నుంచి వచ్చిన ఒక కుటుంబం ఉంటుంది. భర్త సెంట్రింగ్ పనికి పోతాడు, భార్య వాకిలి ఊడ్చి, గేటు చూసుకుంటుంది. వాళ్లకు ఒకతే కూతురు, ఒకటో తరగతి.

ఆ పిల్లే నాకు స్నేహితురాలు. నేను పని నుంచి రాగానే మెట్లెక్కి వచ్చేది. ఇద్దరం మంచం మీద కూర్చుని లాప్‌టాప్‌లో కార్టూన్లు చూసేవాళ్లం. కింద పడే ఇంగ్లీషు అక్షరాలు చదివి నేను తెలుగులో చెప్పేదాన్ని. చెప్పకముందే అది పొట్ట పట్టుకుని నవ్వేది. ఆ కార్టూన్లలో ఇంటికి రాగానే "తదైమా" అంటారు, వచ్చేశానని అర్థం. లోపలున్నవాళ్లు "ఒకాయెరి" అంటారు, వచ్చావా అని. పిల్ల నా గడప దగ్గర నిలబడి "తదైమా!" అని అరిచేది. నేను "ఒకాయెరి" అనేవరకు లోపల కాలు పెట్టేది కాదు. తర్వాత బొమ్మలకు మొహాలు మార్చేవాళ్లం. దానికి నిద్ర మొహమంటే ఇష్టం, కళ్లు మూసుకుని నోరు కొంచెం తెరిచి ఉండేది.

ఆ ఏడు వానలకు బీరువాలోకి కూడా తేమ వచ్చి ప్లాస్టిక్ జిగటగా తయారైంది. ఒక ఆదివారం కాస్త తెరిపి ఇచ్చింది. బొమ్మలన్నీ విడదీసి సబ్బు నీళ్లలో కడిగాను. అయితే చేతులు, మెడలు గుచ్చే బెజ్జాల్లో నీళ్లు నిలిచిపోతాయి. ఫోన్ నీళ్లలో పడితే బియ్యంలో పెడతాం కదా, అట్లాగే పెడదామనుకున్నాను. ఇంట్లో వెడల్పాటి పళ్లెం లేదు. అమ్మ వ్రతానికి వాడి నా దగ్గర వదిలేసిన చేట ఉంది. దాని అంచులకు పసుపూ కుంకుమా ఇంకా అంటుకునే ఉన్నాయి. అందులో బియ్యం పోసి తలకాయలు, మొహాలు, జుట్టు ముక్కలు, ఒళ్లు, చేతులు గుచ్చాను. ఎండలో పెడితే రంగు వెలిసిపోతుంది కాబట్టి డాబా మీద వాటర్ ట్యాంక్ చాటున నీడలో పెట్టాను. దాహమేసి నిమ్మకాయ నీళ్లు చేసుకుని తాగి, పిండిన చెక్కలు ఆ చేట అంచునే వదిలేశాను. ఆ రోజు అమావాస్య. ఫోన్‌లో క్యాలెండర్ చూసుకునేదాన్ని, నాకు ఆదివారం ఒక్కటే కనిపించింది.

పిల్ల కూడా డాబా మీదికి వచ్చింది. నా పక్కన కూర్చుని ఒక తలకాయ బియ్యంలో నొక్కింది. చెయ్యి తగిలితే కాలిపోతోంది. దాన్ని ఎత్తుకుని కిందికి తీసుకుపోయి తల్లికి అప్పగించాను.

"నిన్నటి సంది గట్లనే ఉన్నది అక్క. మెడికల్ షాపుల గోలి తెచ్చి ఏసిన, తగ్గుతది," అందామె.

"తగ్గకపోతే డాక్టర్‌కు చూపియ్యి," అని చెప్పి నేను నా గదికి వచ్చి స్నానానికి వెళ్లాను.

ముందు డాబా మీద ఒక కేక వినిపించింది. మబ్బు పట్టిందని ఆరేసిన బట్టలు తీయడానికి పిల్ల తల్లి పైకి వచ్చింది, చేట చూసింది. ఆమె మెట్ల మీద పరుగెత్తిన చప్పుడు నాకు వినిపించింది. కాసేపటికి కింది నుంచి ఇంకో కేక వచ్చింది. అలాంటి కేక నేను అంతకు ముందు వినలేదు. తడి జుట్టుతో కిందికి పరుగెత్తాను.

చాప మీద పిల్ల కొట్టుకుంటోంది. కళ్లు తేలేసింది, పళ్లు బిగుసుకున్నాయి. దాని గుప్పిట్లోంచి ఏదో జారి నేల మీద పడింది. నిద్ర మొహం. డాబా మీద నుంచి నాకు తెలియకుండా తెచ్చుకున్నట్టుంది. కళ్లు మూసుకున్న ఆ చిన్న మొహం వంక తల్లి ఒకసారి చూసింది, నా వంక ఒకసారి చూసింది.

"అక్క, నా బిడ్డ నీకేం అన్నాయం జేసింది?" అంది.

నాకు మొదట అర్థం కాలేదు. అప్పటికే సందులో వాళ్లు గేటు దగ్గర చేరారు. ఎవరో పైకి పోయి చేట తెచ్చి నడిమధ్యలో పెట్టారు. ఊడదీసిన తలకాయలు, చేతులు, బియ్యం, పసుపు, కుంకుమ, పిండిన నిమ్మకాయ. వాళ్ల కళ్లతో నేను కూడా దాన్ని చూశాను. చూస్తే నాకే ఒళ్లు జలదరించింది. మంత్రాలు చేస్తోందని ఎవరో ముసలిదాన్ని స్తంభానికి కట్టి కొట్టారన్న వార్త గుర్తుకొచ్చింది. సందుకు ఒకటే దారి, ఆ దారిలో వాళ్లే నిలబడి ఉన్నారు.

"బొమ్మలవి, ఆడుకునే బొమ్మలు. ముందు పిల్లను దవాఖానకు తీసుకపోదాం పాండ్రి," అన్నాను.

తండ్రి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "దవాఖానల సూది ఏస్తరు. కట్టు తియ్యకముందు సూది పడితే పానం పోతది. మా ఊర్ల గట్లనే పోయింది ఒక పిల్ల. రాంనగర్ల మంత్రం కట్టు తీసేటాయన ఉన్నడు, ఫోన్ జేసిన. ఆయన వచ్చినంకనే గడప దాటిచ్చుడు," అన్నాడు. అతని గడ్డం వణుకుతోంది. నన్ను కొట్టడానికి వచ్చినవాడిలా లేడు. నాకన్నా ఎక్కువ భయపడిపోయి ఉన్నాడు.

ఓనర్ ఆంటీ వస్తే ఏదైనా చెబుతుందనుకున్నాను. ఆమె వచ్చి చేట చూసి నాలుగడుగులు వెనక్కి వేసింది. "అమావాస్య పూట ఈ తలకాయలేమిటమ్మాయ్? అతను చెప్పేదీ నిజమే. సూది పడకూడదని మా అమ్మమ్మ కూడా అనేది," అంది. శాస్త్రీయ దృక్పథం పెంపొందించుకోవడం ప్రతి పౌరుడి ప్రాథమిక విధి అని నేను ఎన్ని బ్యాచుల నోట్సులో టైప్ చేశానో. ఆ వాక్యం నోటి చివరి దాకా వచ్చింది. ఎవరికి చెప్పను?

పిల్ల కొట్టుకోవడం తగ్గి ఒళ్లు వేలాడేసింది. పెదవులు నల్లబడ్డాయి. రాంనగర్ ఆయన ఎప్పుడొస్తాడో, వచ్చి ఏం చేస్తాడో. ఇంత దగ్గరలో ఆసుపత్రి పెట్టుకుని ఇది నా కళ్ల ముందే పోతుందనిపించింది. అప్పుడే అన్నాను.

"నేనే జేసిన. నేనే తీస్త. తీసినంక దవాఖానకు తీసుకపోతరా?"

తండ్రి "తియ్యి," అన్నాడు.

చేట ముందు కూర్చున్నాను. ఎలా తీస్తారో నాకేం తెలుసు? ఊడదీసినవన్నీ తిరిగి అతికిస్తే వాళ్లు నమ్ముతారనిపించింది. తలకు మొహం, మొహానికి జుట్టు, ఒంటికి చేతులు. ఒక్కటీ ఒక పట్టాన బెజ్జంలో పడడం లేదు. మంత్రంలా ఏదో ఒకటి చదవాలి కదా. నోటికి వచ్చినవి ఆ కార్టూన్ మాటలే. తదైమా, ఒకాయెరి, అన్నం ముందు అనే మాట, పడుకునేటప్పుడు అనే మాట. వాటినే గొణిగాను. నవ్వు రావలసిన చోట ఏడుపొచ్చింది. ఆఖరి బొమ్మకు నిద్ర మొహం పెట్టబోతుంటే తల్లి కెవ్వున అరిచింది. దాన్ని పక్కన పడేసి కళ్లు తెరిచిన మొహం పెట్టాను.

పిల్ల కళ్లు తెరిచి మూలిగింది.

జ్వరం తలకెక్కి వచ్చే ఫిట్స్ మామూలుగా వాటంతట అవే ఆగుతాయని తర్వాత డాక్టర్ చెప్పాడు. ఆ గదిలో మాత్రం అందరూ నా చేతుల వంకే చూశారు. "అయిపోయింది, ఇంక సూది పడ్డా ఏం గాదు," అని అరిచాను. ఆటోలో నారాయణగూడలోని పిల్లల ఆసుపత్రికి పోతున్నంతసేపూ తల్లి పిల్లను నాకు తగలకుండా అవతలి పక్కకు పెట్టుకుని కూర్చుంది. డెంగీ అని తేలింది. సమయానికే తెచ్చారన్నారు.

పిల్ల ఇంటికొచ్చింది. దేవుడి దయ వల్ల అంటారు కదా, ఇక్కడ నా దయ వల్ల అన్నారు. నేను తల్లిని పక్కకు పిలిచి, నాకు మంత్రాలు రావు, ఆ రోజు అబద్ధమాడాను, మందులకే తగ్గిందని చెప్పాను.

"గసొంటి పని చేసేటోళ్లు ఎవరన్న ఒప్పుకుంటరా అక్క? మాకు నీ మీద కోపం లేదు. తీసినవ్, సాలు," అంది.

ఆ తర్వాత నేను వస్తుంటే గేటు ముందే తెరుచుకునేది. సందులో పిల్లల్ని లోపలికి లాక్కునేవాళ్లు. ఓనర్ ఆంటీ ఒకరోజు గొంతు తగ్గించి, "మా మనవడి పరీక్షల సంగతి కాస్త చూడమ్మా," అంది. ఇవన్నీ ఎలాగో మింగేదాన్ని. మింగలేనిది ఒకటే. పిల్ల నన్ను చూస్తే తల్లి కొంగు వెనక దాక్కునేది. ఒక సాయంత్రం మెట్ల దగ్గర కనపడితే "తదైమా" అన్నాను. అది చెవులు మూసుకుని ఏడ్చింది.

బొమ్మల్ని అట్టపెట్టెలో కట్టేసి మంచం కిందికి తోశాను. ఇక అక్కడ ఉండలేక గాంధీనగర్‌లో ఒక గది చూసుకున్నాను. నెల మారగానే వెళ్లిపోదామనుకున్నాను. అట్లా వెళ్లబోయే ముందు ఒక శనివారం అమ్మను చూడటానికి అంబర్‌పేట్ పోయి, ఆదివారం కూడా అక్కడే ఉండిపోయాను.

సోమవారం పొద్దున తిరిగి వచ్చేసరికి నా తలుపు ముందు పిల్ల తల్లి కూర్చుని ఉంది. ఒళ్లో దుప్పట్లో చుట్టిన పిల్ల. దాని మొహం జ్వరంతో ఎర్రగా ఉబ్బి ఉంది.

"రాత్రి సంది నీ కోసమే చూస్తున్నం అక్క. నీ ఫోన్ కలుస్తలేదు," అంది.

"దవాఖాన పక్కనే ఉండంగ రాత్రంతా ఈడ కూసున్నవా? నేనేం చెయ్యలే, ఒట్టు. నడువు, ఆటో పిలుస్త," అన్నాను.

ఆమె కదల్లేదు. నా మొహంలోకి చూసి, చాలా నెమ్మదిగా, "అప్పుడు గూడ ముందుగాల గట్లనే అన్నవ్," అంది.

వాదించడానికి టైం లేదు. అక్కడే మెట్టు మీద కూర్చుని పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి పెదవులు కదిపాను. తల్లి కళ్లు మూసుకుని దండం పెట్టింది. ఆ తర్వాతే లేచి నాతో ఆటో ఎక్కింది.

ఈసారి మామూలు జ్వరమే, తగ్గిపోయింది. గాంధీనగర్ గది వాళ్లకు ఫోన్ చేసి రావడం లేదని చెప్పాను. ఇప్పుడు అశోక్‌నగర్‌లో పనికి పోయినా, అమ్మ దగ్గరికి పోయినా, ఎక్కడికి పోతున్నానో, ఎప్పుడు వస్తానో పిల్ల తల్లికి చెప్పి పోతున్నాను.