మ్యాన్‌హోల్ కొలత

గల్ఫ్ యుద్ధంలో నేను సంపాదించింది పొట్ట. సౌదీలో రాస్ తనూరా క్యాంపులో అడుగుపెట్టిన కొత్తలోనే సైరన్లు మొదలయ్యాయి. ఓడలు ఆగిపోతే తిండి దొరకదని ఎవరో అన్నారు. మా గదిలో మంచాల కింద బియ్యం బస్తాలు చేరాయి. యుద్ధం తొందరగానే అయిపోయింది, బియ్యం అవలేదు. పారేయడానికి చేతులు రాక తిన్నాం. తర్వాత ఆ తిండే అలవాటైంది.

నా పని వెల్డింగ్. చమురు రిఫైనరీలో రిపేర్ల కోసం అన్నీ ఆపి షట్‌డౌన్ పెట్టినప్పుడు పెద్ద పెద్ద ఇనుప ట్యాంకుల్లోకి వెళ్లి లోపల అతుకులు వేయాలి. దారి ఒక్కటే, ట్యాంకు పక్కగోడకున్న గుండ్రటి మ్యాన్‌హోల్. మనిషి ఎంత పెరిగినా అది పెరగదు. దాదాపు ముప్పై ఏళ్లు ఏటా కాస్త లావవుతూ, కాస్త ఎక్కువ ఊపిరి బిగబట్టి దూరుతూ వచ్చాను. ఒక షట్‌డౌన్‌లో ఊపిరి సరిపోలేదు. నడుము దగ్గర ఇరుక్కున్నాను. లోపలున్నవాళ్లు చేతులు పట్టి లాగారు, బయటున్నవాళ్లు కాళ్లు పట్టి లాగారు. చివరికి బయటివాళ్లు గెలిచారు. సిగ్గుతో చచ్చిపోయాను.

మా ఫోర్‌మన్ కరీంనగర్ వైపు మనిషి. "కాకా, వచ్చే షట్‌డౌన్ల దూరితె పని, లేకుంటె ఎగ్జిట్, ఇగ ఇంటికే. నేనేం జెయ్యలేను" అన్నాడు. ట్యాంకు బయట కూడా వెల్డింగ్ ఉంటుంది కానీ దానికి వయసులో ఉన్నవాళ్లు వరుసకట్టి ఉన్నారు. చిన్న కూతురి చదువు ఇంకా అవలేదు. నాకు భయమేసింది.

నా గదిలో హైదరాబాద్ భాయ్ ఒకడుండేవాడు, టైమ్‌కీపర్. బరువు తగ్గే సూది వారానికొకటి పొట్టకు పొడుచుకుంటూ సగమయ్యాడు. "కాకా, సూది తీస్కో. ఆకలే పోతది. నోరు కట్టుకునే లొల్లే ఉండదు" అన్నాడు. ఫోన్లో మా ఆవిడ ఒప్పుకోలేదు. "ఆకలి సంపుకొని బతుకుతరా ఎవలన్నా? అన్నం బంజెయ్, జొన్నరొట్టె తిను, నడువు" అంది.

ముందు ఆమె మాటే విన్నాను. వెల్డింగ్ బాగా వచ్చినవాడికి రొట్టె కూడా వస్తుందని గ్యారంటీ లేదు. అయినా వారమంతా నిష్ఠగా ఆ అట్టలే తినేవాణ్ని. శుక్రవారం మెస్సులో బిర్యానీ. వారమంతా పోగొట్టుకున్నది ఆ ఒక్క పూటలో తిరిగొచ్చేది.

ఇక లాభం లేదని క్లినిక్‌కు వెళ్లాను. డాక్టరు పాకిస్తానీ. సూది ఆకలిని తగ్గిస్తుంది, తినాల్సింది మాత్రం నువ్వే తినాలి, గుడ్లూ పప్పూ మానకు, బరువులెత్తు, లేకపోతే కొవ్వుతోపాటు కండ కూడా పోతుందని ఉర్దూలో విడమరిచి చెప్పాడు. ఆకలే లేనివాణ్ని గుడ్లు తినమనడమేమిటో నాకు అర్థం కాలేదు. భాయ్ మాత్రం రోజూ గుడ్లు మింగి, నీళ్ల క్యాన్లు ఎత్తి దించేవాడు. నేను మంచం మీద పడుకుని చూసేవాణ్ని.

సూది పనిచేసింది. బిర్యానీ ముందు కూర్చుంటే ముక్కూమొహం తెలియనివాళ్ల పెళ్లికి వచ్చినట్టుండేది. ప్యాంట్లు జారాయి.

షట్‌డౌన్ వచ్చింది. పోస్టు డబ్బాలో ఉత్తరంలా మ్యాన్‌హోల్‌లోకి జారిపోయాను. ఫోర్‌మన్ చప్పట్లు కొట్టాడు. సంతోషం పట్టలేక లోపల ఒక్కణ్నే నవ్వుకున్నాను. పని ముగించి, బయటికి రావడానికి మ్యాన్‌హోల్ పైనున్న కడ్డీ పట్టుకుని ఒళ్లు లాగాను. లేవలేదు. మళ్లీ లాగాను. పొట్టతోపాటు చేతులూ కరిగిపోయాయని అప్పుడు తెలిసింది. నలుగురు కలిసి నన్ను బయటికి తీశారు. ఈసారి అందరూ ఒకే వైపు.

ఫోర్‌మన్ నా మొహంలోకి చూడలేదు. "అప్పుడు లోపల్కి పోకపోతివి, ఇప్పుడు బైటికి రాకపోతివి. లోపల గ్యాస్ లీకైతె నిన్నెవలు గుంజాలె కాకా?" అన్నాడు. అతనన్నది నిజం. ఎగ్జిట్ కొట్టారు.

ఇంటికి ఫోన్ చేసి, వచ్చేస్తున్నాను, ఇక తిరిగి వెళ్లేది లేదని చెప్పాను. నేను చెప్పలేదా అంటుందనుకున్నాను. అనలేదు. "మంచిగైంది, రా. అచ్చిన దినం ఏమొండాలె?" అంది. సెలవుకు వెళ్లేముందు ప్రతిసారీ ఇదే అడిగేది, నేను గుక్క తిప్పుకోకుండా చెప్పేవాణ్ని. ఇప్పుడు ఎంత ఆలోచించినా ఒక్క కూర మీదికీ మనసు పోలేదు. ఏడుపొచ్చింది.

"ఏదైనా మంచిదే. జరంత వండు" అన్నాను.



"నీకు జరంత వండుడు నాకు రాదు" అంది.