బోర్డు మీద మూడు సర్వర్లు

ఆ బోర్డు రాయించిన రోజే లీల వద్దని మొత్తుకుంది. వినేవాడుంటే గదా! కోరుట్లలో మేడమీద నడిచే ఆ కంప్యూటర్ సెంటర్‌కు యజమాని లక్ష్మీరాజం. జగిత్యాలలో ఎరువుల దుకాణం పెట్టి బాగుపడ్డ మనిషి. బస్తా మీద అక్షరాలు ఎంత పెద్దగా ఉంటే రైతు అంత నమ్ముతాడని ఆయన అనుభవం. కంప్యూటర్ చదువుకూ అదే లెక్క అనుకుని, పసుపు రంగు మీద ఎర్రటి అక్షరాలతో 'మూడు సర్వర్లు గల ఏకైక శిక్షణ కేంద్రం' అని రాయించి రోడ్డుకు ఎదురుగా బిగించాడు.

"మనకున్నది ఒక్కటే పెట్టె గదా సేటూ. మూడని రాస్తే ఎట్ల?" అంది లీల.

"అందుల మూడు నడుస్తున్నయని నువ్వే చెప్తివి గదా బిడ్డా. నేనేమన్న అబద్ధం రాయించిన్నా?"

చెప్పిన మాట నిజమే. అదే ఆమె ఖర్మ. వెనక గదిలో ఉన్న ఇనుప పెట్టె ఒక్కటే గాని, దాని లోపల లీల మూడు వర్చువల్ సర్వర్లను నిలబెట్టింది. అవి చేతికి తగలవు. ఒకే ఇంట్లో మూడు కాపురాల లాగా, ఉన్న జాగాను, బలాన్ని పంచుకుని, దేనికది తానే అసలు కంప్యూటరన్నట్టు పనిచేస్తాయి. ఒకటి కొత్తగా చేరిన పిల్లలకు, ఇంకొకటి అకౌంట్లు నేర్చుకునేవాళ్లకు, మూడోది లీల రాసుకున్న పాఠాలకు. ముందు గదిలోని పాత కంప్యూటర్లకు సొంత డిస్కులే లేవు. అవన్నీ ఈ పెట్టెను పట్టుకునే బతికేవి.

లీలది సిరిసిల్ల. తండ్రి ముత్యం మరమగ్గాలు బాగుచేసేవాడు. మగ్గం ఆగితే అందరూ మగ్గాన్ని తిట్టేవాళ్లు. ఆయన మాత్రం ముందు కరెంటు చూసి, తర్వాత బెల్టు చూసి, చివరికే మగ్గం మీద చెయ్యి వేసేవాడు. ఆ వరస చూస్తూ పెరిగిన పిల్ల హైదరాబాదులో కంప్యూటర్లు నేర్చుకుని, కోరుట్లలో మేనత్త రాజవ్వ ఇంట్లో ఉంటూ ఈ కొలువులో కుదిరింది. పని బాగా తెలుసు, నోరు మాత్రం మంచిది కాదని పేరు. ఆ సెంటర్లో రెండేళ్లు పనిచేస్తే ఎవరి నోరైనా అంతే అవుతుంది లెండి.

ఊళ్ల నుంచి వచ్చే పిల్లల బుర్రకు ఇంగ్లీషు పుస్తకాలు ఎక్కేవి కావు. చందుర్తి నుంచి వచ్చిన మల్లవ్వ అని ఒక పిల్ల ఉండేది. తల్లి కూలికి పోతూ ఆమెను కోరుట్లలో చుట్టాల ఇంట్లో పెట్టి చదివిస్తోంది. ఆ పిల్ల పుస్తకం ముందేసుకుని, ఇది నాతోని కాదు, ఇంటికి పోతా అని ఏడ్చేది. ఆ ఏడుపు చూడలేక లీల సర్వర్లను ఎట్లా చూసుకోవాలో తెలుగులో పాఠాలు రాయడం మొదలుపెట్టింది. నోటితో ఎట్లా చెబుతుందో అట్లాగే, తిట్లతో సహా టైపు చేసింది.

'ఉన్న మెమరీ అంత లోపలి సర్వర్లకే పంచకు. అసలు పెట్టెకు గూడ ఇంత మిగుల్చు. వచ్చినోళ్లందరికి వడ్డించి వండినామె పస్తు పడుకుంటే, రేపు పొయ్యి ముట్టించేదెవరు?' అని ఒకచోట. 'ఒకటి మెల్లగయ్యిందని దాన్నే తిట్టుకుంట కూసోకు. పక్కది ఏం మింగుతున్నదో చూడు' అని ఇంకొకచోట. ఏదన్నా చెడితే వెనక్కి పోవడానికి సర్వరును ఉన్నదున్నట్టు పట్టి ఉంచే స్నాప్‌షాట్ గురించి అయితే ఆమె కోపం పేజీ నిండా ఉండేది. 'అది తీసిన గదా అని కాలు మీద కాలేసుకోకు. అది గూడ గదే డిస్కుల ఉన్నది. ఏదన్న మార్చేముందు తీయి, పని కాంగనే తొలగించు. కుప్పలు పెట్టినవంటే డిస్కు నిండి అన్నీ ఆగుతయి.' ఇక వైరు సంగతి. 'ఆపాలంటే లోపలివాటిని ముందు ఆపు, పెట్టెను తర్వాత ఆపు. వైరు పీకినవంటే నీతో మాట్లాడ.'

రెండేళ్ల సాయంత్రాలు ఆ పాఠాల్లోకి పోయాయి. ఆమె తనది అని చెప్పుకోగలిగింది అదొక్కటే.

అదంతా ఒకే డిస్కు మీద ఉంది. లీలకు నిద్ర పట్టనివ్వని సంగతి ఇదే. నకలు తీసి పెట్టడానికి ఇంకో డిస్కు కొనమని అడిగి అడిగి ఆమె నోరు నొప్పి పుట్టింది. ఫ్లాపీ డ్రైవు దుమ్ముకు ఎప్పుడో చచ్చింది. ఆఫీసు గదిలోని మంచి కంప్యూటర్‌ను లక్ష్మీరాజం ఎవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు. ఆయన పేకాట ఆడుకునేది దాంట్లోనే మరి.

"మూడు సర్వర్లున్నయి. ఒకటి పోతే రెండుంటయి. ఇంక నకలెందుకు బిడ్డా?" అనేవాడు.

"మూడూ ఒక్కదాంట్లనే ఉన్నయి సేటూ. ఇల్లు కూలితే మూడు కాపురాలు పోతయి."

"గసొంటి మాటలు మాట్లాడకు," అని ఆయన మళ్లీ పేకముక్కల వైపు తిరిగేవాడు. లీలకు గోడకేసి తల కొట్టుకోవాలనిపించేది.

అది సర్కారుకూ నక్సలైట్లకూ మధ్య చర్చలు తెగిపోయిన ఏడాది. అన్నలు మళ్లీ అడవి దారి పట్టారు, రోడ్ల మీద మళ్లీ సోదాలు మొదలయ్యాయి. ఎక్కడ ఏ వస్తువు తగ్గినా అది అడవికే పోయిందనుకునే రోజులు. అట్లాంటప్పుడు ఒక మధ్యాహ్నం ఒక ఎస్సై ఇద్దరు కానిస్టేబుళ్లను వెంటబెట్టుకుని మెట్లెక్కాడు. బోర్డు చదువుకునే ఎక్కాడు.

సర్వర్లు చూపించమంటే లీల వెనక గదికి తీసుకుపోయింది.

"మిగతా రెండు ఎక్కడ?" అన్నాడు.

"మూడూ గిందులనే ఉన్నయి సార్."

ఎస్సై పెట్టె చుట్టూ తిరిగాడు. ఒక కానిస్టేబుల్ వంగి బల్ల కింద కూడా చూశాడు.

"బయట మూడని రాశారు. ఇక్కడ ఒకటే ఉంది. రెండు ఎవరికిచ్చారమ్మా? ఎప్పుడు పంపారు?"

బోర్డు రాయించినప్పటి ధైర్యం లక్ష్మీరాజానికి ఎటు పోయిందో! "నాకేం తెల్వది సార్, అన్ని ఆ పిల్లనే చూసుకుంటది," అని చల్లగా గోడ పక్కకు జరిగాడు. లీలకు ఒళ్లు మండిపోయింది. మండి ఏం లాభం? ఆ రోజుల్లో ఒకసారి అనుమానం పడిందంటే ఇంటిల్లిపాదీ ఠాణా చుట్టూ తిరగాల్సిందే.

"పెట్టె జీపులో పెట్టండి," అన్నాడు ఎస్సై.

"ఆగండి సార్. చూపిస్త."

తెరమీద మూడింటి పేర్లూ చూపించింది. అందులో ఒకదాన్ని పద్ధతిగా ఆపింది. ముందు గదిలో సగం తెరలు నల్లబడ్డాయి. "అక్కా, మాది పోయింది," అని మల్లవ్వ గొంతు వినిపించింది. మిగతా సగం నడుస్తూనే ఉన్నాయి. లీల దాన్ని మళ్లీ లేపితే తెరలు వెలిగాయి. ఎస్సై రెండు గదుల మధ్యా తిరిగి చూశాడు. రెండోదాన్ని ఆపించాడు, లేపించాడు. ముఖంలో అనుమానం పోయి సరదా వచ్చింది. మనిషి చెడ్డవాడు కాదు, అదే వచ్చిన తంటా. చెడ్డవాడైతే పెట్టెను మోసుకుపోయి ఏ మూలో పడేసేవాడు, ఎప్పటికో తిరిగొచ్చేది. ఈయనకు నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది.

"అయితే ఈ వైరు తీస్తే మూడూ ఒకేసారి పోవాలిగా?"

"పోతయి సార్. గని గట్ల తీయొద్దు, డిస్కు పాతది, ముందుగాల లోపలియి..."

అప్పటికే తీసేశాడు.

పెట్టెలో రొద ఆగిపోయింది. ముందు గదిలో తెరలన్నీ ఒక్కసారే చచ్చాయి. ఎస్సై వెళ్లి చూసొచ్చి తల ఊపాడు. "నిజమేనమ్మా. ఒకదాంట్లోనే మూడున్నాయి," అని లీలను మెచ్చుకున్నాడు. వైరు తన చేత్తోనే మళ్లీ గుచ్చి, బోర్డు మార్పించమని లక్ష్మీరాజానికి చెప్పి మెట్లు దిగిపోయాడు.

పెట్టె మళ్లీ లేవలేదు. వేడిలో, దుమ్ములో ఆగకుండా తిరిగిన డిస్కు, ఒకసారి ఆగేసరికి ఇక తిరగనని మొండికేసింది. లోపల టిక్కు టిక్కుమని చప్పుడు. లీల తన తండ్రి వరసలోనే వెళ్లింది. కరెంటు చూసింది, వైరు మార్చింది, ర్యాము తీసి తుడిచి పెట్టింది, డిస్కు కేబులు మార్చి చూసింది. ఆ చప్పుడు మారలేదు. తెల్లారి పెట్టెను ఒళ్లో పెట్టుకుని జగిత్యాల బస్సెక్కింది. దారిలో సోదాకు బస్సు ఆపి, అందులో ఏముందని అడిగారు. "ఏం లేదు," అంది. ఆ మాట తన నోటి నుంచి వచ్చాక పెట్టెను ఇంకా దగ్గరికి లాక్కుంది. జగిత్యాలలో కంప్యూటర్లు బాగుచేసే యోహాను డిస్కును చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఇంకేమీ చేయకుండా ఆమె చేతిలో పెట్టాడు.

"గిది అయిపోయింది చెల్లె," అన్నాడు.

తిరిగొచ్చేసరికి లక్ష్మీరాజం మెట్ల దగ్గరే కాచుకుని ఉన్నాడు.

"ఒకటి పోతే పోనీ. మిగిలిన రెండు నడుస్తయా బిడ్డా?"

లీల ఆయన వంక చూసింది. తిట్టడానికి కూడా ఓపిక లేకపోయింది. ఆమె నోరు ఎరిగిన మనిషి గనక ఆ మౌనానికే జడుసుకున్నాడో ఏమో, ఆఫీసు గది తాళంచెవి తీసి ఇచ్చాడు. "నా దాంట్ల రాసుకో మల్ల," అన్నాడు.

రాసుకోవాలట. రెండేళ్ల మాటలు ఎక్కణ్నుంచి తెస్తుంది? పేకాట మూసేసి, ఖాళీ పేజీ తెరిచి కూర్చుంది. మొదటి వాక్యమే గుర్తు రాలేదు. గుర్తొచ్చేదంతా పుస్తకాల భాషే, మల్లవ్వను ఏడిపించిన భాష. చిరాకుతో కీబోర్డును అవతలికి నెట్టేసింది. అప్పుడే మల్లవ్వ వచ్చి పక్కన కుర్చీ లాక్కుంది.

"నేను చెప్పాల్నా అక్కా?"

"నీకేం గుర్తున్నది?"

"తిట్లన్ని గుర్తున్నయి."

మల్లవ్వ మొదలుపెట్టింది. వండినామె పస్తుండడం, పక్కది మింగడం, కాలు మీద కాలేసుకోవడం, అన్నీ లీల విసురుతోనే చెప్పుకుపోయింది. అంకెలు చాలా పోయాయి, పాఠాల వరస కూడా తప్పింది. లీల విసుక్కుంటూ, దిద్దుకుంటూ టైపు చేసింది.

"నకలు తీసి పెట్టె బయట ఇంకోకాడ పెట్టు. పెట్టినంక అది తెరుచుకుంటదా లేదా చూడు. రేపు చేద్దామనుకున్నవా..." అని మల్లవ్వ ఆగిపోయింది.

"ఆగినవేంది? చెప్పు."

మల్లవ్వ తల దించుకుంది.

"రేపు చేద్దామనుకున్నవా, గా రేపు నీ పక్కన కూసోని ఏడ్వ నేను రాను. గట్ల రాసినవక్కా."

లీల చున్నీతో కళ్లు తుడుచుకుంది. ఆ వాక్యాన్ని ఒక్క అక్షరం మార్చకుండా టైపు చేసింది. మల్లవ్వ ఆ పక్కనుంచి లేవలేదు.