నేల మీద పరిచిన బావి

పక్కింటివాళ్ళు పొద్దుటి నుంచి బోరు వేయిస్తున్నారు. కిటికీలన్నీ మూసినా రాతిపొడి వాసన ఇంట్లోకి వస్తూనే ఉంది. నీళ్ళింకా పడలేదు. ఈ వాసన ముక్కుకు తగిలిందంటే నాకు ఓబులేసు సార్ గుర్తొస్తారు, ఆ రోజుకిక ఏ పనీ సాగదు. ఆయన అనంతపురంలో మా హైస్కూలు డ్రాయింగు మాస్టరు. కొంచెం వంగిన నడుము, గోళ్ళ సందుల్లో ఎప్పుడూ నల్లరంగు, మాట తక్కువ. గుడ్డల వ్యాపారి కూతురినైన నన్ను మద్రాసుకు చిత్రకళ నేర్చుకోవడానికి పంపమని మా నాయనతో వాదించి ఒప్పించింది ఆయనే. "ఆడపిల్ల బొమ్మలేసి ఏం జేస్తాదప్పా? నా అంగడికి బోర్డు రాస్తాదా?" అని నాయన ఎకసెక్కంగా అడిగితే, "రాయనీ. ఇప్పుడుండే బోర్డు కన్నా బాగుంటాది" అన్నారు. అప్పుడున్న బోర్డు రాసింది కూడా ఆయనే. మా ఇంట్లో ఆయన నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

అరవైల మొదట్లో నా చదువు ఆఖరి సంవత్సరానికి వచ్చింది. ఎవరైనా ఒక ఆధునిక చిత్రకారుణ్ణి ఎంచుకుని, ఆయన బొమ్మలను పరిశోధించి వ్యాసం రాయాలి. ఆ బొమ్మలకు జవాబుగా సొంత బొమ్మ ఒకటి వేయాలి. ఆ రెండూ లేకపోతే డిప్లొమా లేదు. తోటివాళ్ళంతా లైబ్రరీ పుస్తకాల్లోని విదేశీయుల మీద పడ్డారు. నాకేమో ఓబులేసు సార్ మీద మనసు పోయింది. ఆయన ఇంట్లో ఏవో బొమ్మలున్నాయనీ, చూసినవాళ్ళకు అన్నం సయించదనీ చిన్నప్పుడు బడిలో చెప్పుకునేవాళ్ళం. సెలవుల్లో జట్కా ఎక్కి సార్ ఊరు బుక్కరాయసముద్రం వెళ్ళాను. ఆ ఏడు చెరువు పూర్తిగా ఎండి, నెర్రెలిచ్చిన అడుగులో గొర్రెలు తిరుగుతున్నాయి.

సార్ వసారాలో నేల మీద వరసగా గోనెపట్టాలు పరిచి ఉన్నాయి. బోర్డులు రాయగా మిగిలిన రంగులతో వేసిన బొమ్మలు. అన్నీ బావులే, అన్నీ పైనుంచి వంగి చూసినట్టు. రాతి అంచు, ఒక మోకుతాడు, కిందికి పోయేకొద్దీ చిక్కబడే చీకటి, అట్టడుగున ఒక తల, రెండు భుజాలు. ముఖం లేదు. నడినెత్తి మాత్రమే కనిపిస్తోంది. నాకు అరికాళ్ళు జివ్వుమన్నాయి. అయినా పరిశోధకురాలిని కదా, సరిగ్గా చూద్దామని ఒకదాన్ని ఎత్తి గోడకు ఆనించబోయాను. వంటింట్లోంచి సార్ వాళ్ళమ్మ, అవ్వ అనేదాన్ని ఆమెను, కేకేస్తూ వచ్చింది. "నిలబెట్టొద్దు పాపా! బావిని నిలబెడ్తారా యాడన్నా? పండబెట్టు." తర్వాత గమనించాను, ఆ ముసలామె ఆ గోనెపట్టాలను ఎన్నడూ దాటదు. చేతిలో నీళ్ళబిందె ఉన్నా సరే, గోడవారగా చుట్టూ తిరిగి పోతుంది.

నేను వ్యాసం రాసి సార్‌కు చదివి వినిపించాను. మద్రాసులో నేర్చిన పెద్ద పెద్ద మాటలన్నీ అందులో కుక్కాను. ఈ చిత్రకారుడు ఆధునిక మానవుడి అంతరంగంలోని శూన్యాన్ని చిత్రించాడు అన్న వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యెత్తి ఆపారు.

"శూన్యం కాదు పాపా. ఆడ మా తమ్ముడుండాడు."

అప్పుడు చెప్పారు. యాభైల్లో కరువు వచ్చినప్పుడు బావిలో నీళ్ళు అడుగంటి, అన్నదమ్ములిద్దరూ పూడిక తీయడానికి పూనుకున్నారు. తమ్ముడు లోపల తవ్వుతుంటే సార్ పైన మోకు పట్టుకున్నారు. ఉన్నట్టుండి ఒక పక్క గోడ విరిగి పడింది. లాగితే మోకు తేలికగా పైకి వచ్చేసింది. ఊరంతా వచ్చి తవ్వినా మట్టి జారుతూనే ఉండడంతో, చివరికి ఆ బావిని అట్లాగే పూడ్చేశారు.

"మరి ముఖం ఎందుకు వేయలేదు సార్?" అని అడిగాను.

"నేను చూసింటే కదా వేసేకి! వాడు పైకి చూసినాడో లేదో నాకు తెలీదు. వానికి నేను కనపడినానో లేదో తెలీదు. అదొక్కటి తెలిస్తే చాలనుకుంటా."

ఆ రాత్రి నేను వ్యాసాన్ని చించేశాను. బొమ్మ మాత్రం ఇంకా వేయాలి కదా. ఆయన బావుల్లాంటి బావినే, ఇంకొంచెం లోతుగా, ఇంకొంచెం నల్లగా వేసి తీసుకెళ్ళాను. సార్ చూసి, "ఇది నా బావి. నువ్వు యాడ నిలబడినావు?" అన్నారు. కోపం లేదు, నిజంగానే అడిగారు. తిరిగి వస్తూ దారి పక్కన ఒక ఎండిన దిగుడుబావి దగ్గర జట్కా ఆపించి, మెట్లు దిగి, అడుగున వెల్లకిలా పడుకున్నాను. జట్కావాడు కంగారుపడి పైనుంచి వంగి, "ఏమైందమ్మా?" అన్నాడు. పైనుంచి పాతాళంలా ఉన్న లోతు కిందనుంచి అంత లేదు. అతని పంటి కిందున్న వేపపుల్ల కూడా నాకు స్పష్టంగా కనిపించింది.

నా బొమ్మ అదే అయింది. అడుగునుంచి చూసిన బావి, గుండ్రంటి ఎండ, అంచు మీద మోకు పట్టుకుని వంగిన ఒక మనిషి. ముఖం సార్‌ది. వేస్తున్నంతసేపూ భయపడుతూనే వేశాను. తీసుకెళ్ళినప్పుడు సార్ దాన్ని నేల మీద పరవనివ్వలేదు. తానే చాప మీద వెల్లకిలా పడుకుని, "పైన పట్టుకోండి" అన్నారు. ఒక కొస అవ్వ, ఒక కొస నేను పట్టుకున్నాం. ఆయన రెప్ప వేయకుండా చాలాసేపు చూశారు.

"ఇంత దగ్గర్లో ఉన్నానా నేను?" అన్నారు.

అవ్వ మెల్లగా అంది: "కనపడే ఉంటావు లేరా నాయనా. బిడ్డ నిన్ను చూసుకుంటానే పోయింటాడు." సార్ గోడవైపు తిరిగి పడుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. చేతులు లాగేస్తున్నా మేమిద్దరం ఆ బొమ్మను దించలేదు.

ఆ బొమ్మను తన దగ్గరే ఉంచమన్నారు, ఇచ్చేశాను. ఆ ఏడు నాకు డిప్లొమా రాలేదు, నాయన చేత చీవాట్లు మాత్రం దండిగా వచ్చాయి. మరుసటి ఏడు ఇంకేదో వేసి గట్టెక్కాను; అదేమిటో నాకే గుర్తులేదు. సార్ ఆ తర్వాత బావులు వేయలేదు. వేరే బొమ్మలూ వేయలేదు. నువ్వాయన దుఃఖం తీర్చావని స్నేహితులు అనేవారు. నేను నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను. తమ్ముడికి కనిపించానన్న ఊరట ఆయనకు దక్కిందో, అంత దగ్గరుండీ పట్టుకోలేకపోయానన్న బాధ కొత్తగా మొదలైందో నాకు తెలియదు. అడిగే ధైర్యం నాకు రాకముందే ఆయన పోయారు.

తర్వాత ఈ సీమలో చాలా కరువులు చూశాను, చాలా బొమ్మలు వేశాను. గంజి కోసం గిన్నె పట్టుకుని కూర్చున్నవాళ్ళను, కాడెద్దులను సంతకు తోలుకుపోయేవాళ్ళను. పెన్సిల్ తీసిన ప్రతిసారీ ఒకటే ఆలోచన చెయ్యి పట్టుకుని ఆపుతుంది. నేను వాళ్ళను చూస్తున్నట్టే వాళ్ళూ నన్ను చూస్తున్నారు కదా, వాళ్ళకు నేనెంత దగ్గర్లో కనిపిస్తున్నానో అని.